తిరుపతిలో అబ్బాయిలకు ఆదివారం మెంటరింగ్: ఏడాదికి 4,800 రూపాయలు పెట్టొచ్చా?

బాలాజీ కాలనీ వెనక సందులో, ఓ ట్యూషన్ సెంటర్ మేడమీద ఆదివారాలు నడిచే, చదువు, ఉద్యోగాల దారి చూపే మెంటరింగ్ కేంద్రం మీద ఈ సమీక్ష. కేంద్రం పేరు రాయడం లేదు. ఇందులో ఎత్తిచూపే లోపాలు ఇట్లాంటి చోట్ల అన్నిటా కనిపించేవే. ఇంటర్ మొదటి ఏడాది మొదలు ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ, బీటెక్ చివరి ఏడాది దాకా మగపిల్లల్ని మాత్రమే చేర్చుకుంటారు. ముందే తేల్చి చెప్పేస్తే మేలు. ఇంటర్ రెండో ఏడాదిలోనో డిప్లొమాలోనో ఉన్న పల్లె పిల్లోడికి ఈ డబ్బు దండగ కాదు. బీటెక్ నాలుగో ఏడాదికొచ్చి, ప్లేస్‌మెంట్ ఇప్పిస్తారనుకుని చేరేవాడికి దండగే. ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు. మిగతా ఒకటిన్నర ఎందుకు పోయిందో కింద వస్తుంది.

మగపిల్లలకే ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఇంటర్‌లో రెండు పేపర్లు పోయిన అబ్బాయి సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకముందే బెంగుళూరు బస్సెక్కేస్తాడు. హోటల్లోనో డెలివరీలోనో నెల జీతం చేతిలో పడ్డాక వాణ్ని మళ్ళీ పుస్తకం ముందు కూర్చోబెట్టడం ఇంట్లోవాళ్ళ వల్ల కాదు. పైగా మన పిలకాయలకు అడగడం నామోషీ. ఫారంలో ఏ గడి నింపాలో తెలీకపోయినా ‘నాకు తెలుసులే’ అంటారు. తెలీదని తేలేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. ఈ కేంద్రం పట్టుకున్న కిటుకల్లా అదే: వాడు అడిగేదాకా ఆగకుండా వీళ్ళే అడుగుతారు.

ఏర్పాటు ఇట్లా ఉంటుంది. ఏడాదికి 40 ఆదివారాలు. ఒక్కో మెంటర్‌కు ఆరుగురు. పిల్లలు ‘అన్నా’ అనే పిలుస్తారు, సార్ అనరు. పొద్దున 9 నుంచి 10 దాకా అందరికీ కలిపి ఒక ఉపన్యాసం. 10 నుంచి 12 దాకా ఒక్కొక్కరితో విడిగా 20 నిమిషాలు. బుధవారం రాత్రి పది నిమిషాలు ఫోన్. ఫీజు 4,800, రెండు కంతులు. పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆదివారం యాత్రికుల రద్దీలో బస్టాండు దాటి తొమ్మిదింటికి చేరడం కష్టం. ఆలస్యమైనా పోయేది ఉపన్యాసమే కాబట్టి పెద్ద నష్టం లేదు.

మొదటి నాలుగు వారాలు చదువు ఊసే ఎత్తరు. ప్లాస్టిక్ ఫైలొకటి కొనిపించి కాయితాలు సర్దిస్తారు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం. అన్నిటినీ బల్లమీద పక్కపక్కన పరిచి, పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివిస్తారు. ఇక్కడే తేడాలు బయటపడతాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో అది పొడి అక్షరమై కూర్చుంటుంది. పాసుపుస్తకంలో అదే అక్షరం పేరు వెనక్కి పోయి ఉంటుంది. పుట్టిన తేదీ కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. దీన్ని వదిలేస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర ఒకసారి, పాస్‌పోర్టు దగ్గర ఒకసారి, ఉద్యోగంలో చేరాక కంపెనీ వాళ్ళు కాయితాలు సరిచూసేటప్పుడు ఇంకోసారి తగులుకుంటుంది. వీళ్ళు చెప్పే పద్ధతి సరైనదే: పదో తరగతి మెమోను కదిలించొద్దు, మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్చుకోవాలి. మెమోలో దిద్దుబాటంటే చదివిన బడి హెడ్‌మాస్టర్ దగ్గర మొదలై పరీక్షల విభాగం దాకా పోవాలి. ఆధార్ మార్పు అంత దూరం పోదు. అదే రోజు ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ముడిపడి ఉందో కూడా చూస్తారు. సగం మందికి అది ఎప్పుడో పోగొట్టుకున్న సిమ్ము.

చిత్తూరు వైపు పిల్లలకు ఈ ఫైలులోనే ఇంకో చిక్కుంది. గుడిపాల, నగరి, కుప్పం లాంటి సరిహద్దు మండలాల వాళ్ళు కొందరు వేలూరులోనో కర్ణాటకలోనో చదువుతారు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో, ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ సీట్లకు లోకల్‌గా లెక్కలోకి రావాలంటే, అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్ళు వరసగా ఆ ప్రాంతంలోనే చదివి ఉండాలి. మనది శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం కింద లెక్క. సీట్లలో 85 శాతం లోకల్‌కే పోతాయి. ఊరు చిత్తూరు జిల్లాదే అయినా చదువు రాష్ట్ర సరిహద్దు అవతల సాగితే, నివాస ధ్రువపత్రాల దారి వెతుక్కోవాలి. అది కౌన్సెలింగ్ ముందురోజు మొదలుపెడితే అయ్యే పని కాదు. ఇక్కడ దీన్ని మొదటి నెలలోనే పట్టుకుంటారు. ఈ ఒక్క పనికే సగం ఫీజు గిట్టుబాటని మా అభిప్రాయం.

ఈ కేంద్రం అసలు సత్తా కౌన్సెలింగ్ నెలల్లో తెలుస్తుంది. ర్యాంకు వచ్చాక ప్రాసెసింగ్ ఫీజు కట్టడం (ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600 ఉంటూ వచ్చింది), సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీల జాబితా సైటులో పెట్టడం), కేటాయింపు, కాలేజీలో రిపోర్టింగ్. వరస అందరికీ తెలిసిందే. బోల్తా పడేది ఆప్షన్ల దగ్గర. మామూలుగా ఏం జరుగుతుందంటే, పిల్లోడు నాన్నను తోడు తీసుకుని నెట్ సెంటర్‌కు పోతాడు. ఆ సెంటరాయన పన్నెండో పదిహేనో కాలేజీలు టకటకా కొట్టి, ప్రింటు చేతిలో పెట్టి, డబ్బు తీసుకుని పంపేస్తాడు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు కూడా ఆయనదే. ఇక్కడ మొదట అడిగే ప్రశ్న అదే.

‘ఏమిరా, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తాది?’

‘నెట్ సెంటరన్నకు, అన్నా.’

ఆ జవాబు వస్తే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని సరిచేయిస్తారు. ఓటీపీ, పాస్‌వర్డు ఇంకొకరి చేతిలో ఉంటే ఆప్షన్లూ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. కాలేజీల తరఫున ఊళ్ళమీద తిరిగే పీఆర్వోలు ‘మా కాలేజీ ఒక్కటే పెట్టు, ఫీజు సంగతి మేం చూసుకుంటాం’ అని లాగిన్ అడిగి తీసుకుంటారు. ఆ తర్వాత పిల్లోడు పెట్టిన జాబితా ఒకటి, సైటులో ఉండేది ఇంకొకటి.

ఆప్షన్ల జాబితాను వీళ్ళు ముందు కాగితం మీద రాయిస్తారు. పోయినేడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చూపే పట్టిక ప్రింటు తీసి, తన కేటగిరీ గడిలో పెన్సిలుతో గీత గీయమంటారు. తన ర్యాంకు దాకా రాకముందే సీట్లు అయిపోయినవి, తన ర్యాంకు చుట్టుపక్కల అయిపోయినవి, ఖాయంగా వచ్చేవి అని మూడు గుంపులు. కనీసం 60 దాటేదాకా లేవనివ్వరు. వరస ఎట్లా పెట్టాలో చాలామంది పెద్దలకు కూడా సరిగ్గా తెలీదు. కేటాయింపు పై నుంచి కిందికి చూస్తూ వస్తుంది. ర్యాంకుకు అందే మొదటి ఆప్షన్ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ‘ఇది గ్యారంటీగా వస్తుంది’ అనుకున్న ఇంటిపక్క కాలేజీని మొదట పెట్టినవాడికి అదే వస్తుంది. దాని కింద రాసిన మంచి కాలేజీలను ఎవరూ చూడరు. కావాలనుకున్న వరసలో పెట్టాలి, వచ్చే అవకాశం వరసలో పెట్టకూడదు. పైన రాని కాలేజీలు పెట్టినందువల్ల కింది సీటు పోదు. మలి విడతలో మాత్రం జాగ్రత్త: కొత్త సీటు వచ్చిందంటే పాతది రద్దయినట్టే. చేతిలో ఉన్న సీటే నచ్చితే, దానికన్నా నిజంగా మేలైనవి తప్ప ఇంకేవీ ఆప్షన్లలో ఉంచకూడదు.

రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీట్లకే వర్తిస్తుందనీ, కాలేజీ సొంతంగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకు రాదనీ తల్లిదండ్రుల్ని పిలిచి మరీ చెబుతారు. చేరాక హాజరు 75 శాతం తగ్గకూడదని కూడా ఆ రోజే చెప్పేస్తారు. కొందరు నాయనలు కంప్యూటర్ బ్రాంచినే పట్టుకుని ‘సీఎస్ఈ దప్ప ఏదీ వద్దు’ అని కూర్చుంటారు. ఆ పంతాన్ని వీళ్ళు మెత్తగానే వంచుతారు. తక్కువ ర్యాంకుతో దూరంగా ఎక్కడో దొరికే సీఎస్ఈకీ, దగ్గర్లో మంచి ల్యాబులున్న కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచి ఈఈఈకీ నాలుగేళ్ళ ఖర్చు, హాస్టల్‌తో సహా, ఒక కాగితం మీద పక్కపక్కన వేసి చూపిస్తారు.

బీటెక్‌కు పోనివాళ్ళ విషయంలోనూ వీళ్ళకు శ్రద్ధ ఉంది. డిప్లొమా పిల్లలకు బీటెక్ ప్రవేశ పరీక్ష ఈసెట్ లెక్క చెప్పడం బాగుంది: 200 ప్రశ్నలు, మూడు గంటలు, అందులో వంద సొంత బ్రాంచివి, 50 గణితం, ఫిజిక్స్ కెమిస్ట్రీ చెరో 25. తప్పుకు మార్కు కోత లేదు, కాబట్టి ఖాళీ వదలడం తెలివితక్కువ పని. పాసైతే నేరుగా బీటెక్ రెండో ఏడాది. డిప్లొమా మూడో ఏడాదిలో గణితం దాదాపు వదిలేసి ఉంటారు గనక ఆ 50 దగ్గరే ర్యాంకు తేలుతుంది. దసరాకే మొదలుపెట్టిస్తారు.

పోలీసు, ఆర్మీ అనేవాళ్ళకు మొదటి ఆదివారమే చెప్పులు విప్పించి గోడకు నిలబెడతారు. గోడ మీద టేపు అతికించి 167.6 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత గీసి ఉంది. కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్ళకు అడిగే ఎత్తు అది. కేంద్ర బలగాల్లో కానిస్టేబుళ్ళను తీసుకునే ఎస్‌ఎస్‌సీ జీడీకి జనరల్ కేటగిరీలో 170. గీత కింద ఆగిపోయినవాడు రెండేళ్ళు కోచింగ్ ఫీజు కట్టి, చివరికి కొలతల రోజు వెనక్కి రావడం ఈ జిల్లాల్లో కొత్త కాదు. గీత దాటినవాడికి కానిస్టేబుల్ పరీక్ష అంకెలు అప్పుడే చేతికిస్తారు: 1600 మీటర్లు 8 నిమిషాల్లో, వంద మీటర్లు 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు. ఆర్మీలో అగ్నివీర్‌కు వయసు పదిహేడున్నరకు మొదలై ఇరవైల మొదట్లోనే ముగిసిపోతుంది. డిగ్రీ అయ్యాక చూద్దాంలే అనుకునేవాడికి ఆ గడువు చదువు ముగిసేసరికే దాటిపోవచ్చని పుట్టిన తేదీ పక్కన రాసి చూపిస్తారు. ఈ నిక్కచ్చితనం నచ్చింది. ఆశ మీద నీళ్ళు చల్లుతున్నారని కొందరు తండ్రులు కోప్పడతారు గానీ, చల్లాల్సింది అప్పుడే.

ఇంజినీరింగ్ మొదటి, రెండో ఏడాది వాళ్ళకు బ్యాక్‌లాగుల (పాసవ్వకుండా మిగిలిన సబ్జెక్టుల) లెక్క. జేఎన్‌టీయూ అనంతపురం యూనివర్సిటీ పద్ధతిలో ఇంటర్నల్ (కాలేజీలో వేసే మార్కులు) 30, ఎక్స్‌టర్నల్ (బయటి పరీక్ష) 70. పాసవ్వాలంటే బయటి పరీక్షలో 35 శాతం, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్స్‌లో 12 వచ్చినవాడు బయట 28 తెచ్చుకోవాలి. 18 వచ్చినవాడికి మామూలు లెక్కలో 22 చాలు, కానీ 35 శాతం నిబంధన ఉంది కనక 25 కావాలి. ఒక్కో సబ్జెక్టుకు ఈ అంకె తేల్చి, అయిదు యూనిట్లలో ఏ మూడు గట్టిగా చదివితే అంతకు సరిపోతుందో గుర్తు పెట్టిస్తారు. మొదటి ఏడాది గణితాన్ని నాలుగో ఏడాది దాకా మోసుకుపోయేవాడికి ఈ లెక్క ముందే తెలిస్తే చాలా బరువు దిగేది. హాజరు 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య కారణాల మీద కండొనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు. 65 దిగితే ఆ దారీ ఉండదు. ఇది తెలీక, జ్వరమొచ్చినప్పుడు ఆస్పత్రి చీటీ చించి పారేసేవాళ్ళు ఎక్కువ.

ఇక లోపాలు.

పొద్దుటి ఉపన్యాసం వృథా. వచ్చేవాళ్ళు మంచివాళ్ళే, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళే. గంటసేపు ‘కష్టపడితే సాధించలేనిది లేదు’ అనే మాటను రకరకాలుగా తిప్పి చెబుతారు. ఆ గంట తీసేసి ఒక్కొక్కరికి ఇచ్చే 20 నిమిషాలను 30 చేస్తే అందరికీ మేలు. ఈ మాట నిర్వాహకుల చెవిన వేస్తే, ఉపన్యాసం ఉంటేనే తల్లిదండ్రులకు తరగతి జరిగినట్టు అనిపిస్తుందంటారు. అదీ నిజమే కావచ్చు.

రెజ్యూమె పని మరీ నాసిరకం. అందరికీ ఒకే జిరాక్సు నమూనా. పైన ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అని నాలుగు లైన్ల పడికట్టు ఇంగ్లీషు, కింద హాబీలు: క్రికెట్, పాటలు వినడం. తండ్రి పేరు, పెళ్ళయిందా లేదా, చివర డిక్లరేషన్. చూసేవాడికి ఇందులో పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఓ డిప్లొమా మెకానికల్ కుర్రాడి కాగితం చూస్తే సంగతి అర్థమవుతుంది. జూన్, జూలైలో తోతాపురి మామిడి సీజనుకు చిత్తూరు దగ్గర పల్ప్ ఫ్యాక్టరీలో రెండు నెలలు బాయిలర్ దగ్గర పనిచేశాడు. షిఫ్టుకు ఎన్నిసార్లు ప్రెషర్ చూసి రిజిస్టర్‌లో రాయాలో, గాస్కెట్ పోతే ఏం చేస్తారో చెప్పగలడు. అదంతా కూలిపని కదా అని రెజ్యూమెలో రాయలేదు. రాయమని చెప్పినవాళ్ళూ లేరు. క్రికెట్ మాత్రం ఉంది. ఉండాల్సింది ఒక్క పేజీ: పైన పేరు, ఫోన్, పద్ధతైన ఈమెయిల్ ఐడీ, తర్వాత చేసిన పని, ఏ యంత్రం మీద, ఎన్నాళ్ళు, ప్రాజెక్టులో నలుగురిలో తను చేసిన ముక్క ఏది, ఆ తర్వాతే మార్కులు.

ఇంటర్వ్యూ తర్ఫీదూ అదే తీరు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కు బట్టీ జవాబు అప్పజెప్పిస్తారు. ప్రాజెక్టును ముందు తెలుగులో రెండు నిమిషాలు తడబడకుండా చెప్పించి, ఆ తర్వాత ఇంగ్లీషుకు మార్పిస్తే పిల్లోడికి చెప్పేదేమిటో తెలిసి మాట్లాడతాడు. ఇక్కడ తలకిందులుగా చేస్తున్నారు. బీటెక్ నాలుగో ఏడాది వాళ్ళు ఈ డబ్బు మిగుల్చుకోవడం మంచిదని మొదట్లో అన్నది ఇందుకే.

అప్రెంటిస్‌షిప్ విషయంలో సగం సగం. అప్రెంటిస్‌లకోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పోర్టళ్ళలో, డిప్లొమా, డిగ్రీ వాళ్ళను నాట్స్‌లోనూ, ఐటీఐ వాళ్ళను నాప్స్‌లోనూ నమోదు చేయిస్తారు, అది బాగుంది. అక్కడితో ఆగిపోతారు. శ్రీసిటీ, కరకంబాడి వైపు ఫ్యాక్టరీలకు లేబర్ కాంట్రాక్టర్లు ‘ట్రైనీ’ పేరుతో తీసుకెళ్ళే పనికీ, 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాసుకుని చేరే శిక్షణకూ తేడా చెప్పాలి. మొదటిదాంట్లో ఏడాది చేసినా చివర చేతికి సర్టిఫికెట్ రాదు. పోర్టల్‌లో తన పేరు మీద ఒప్పందం కనిపిస్తోందా లేదా అని పిల్లోడే మొదటి వారంలో చూసుకునేలా చేయాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ తాకట్టు పెట్టొద్దని, డబ్బు కట్టించుకునే ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగాల జోలికి పోవద్దని మాత్రం గట్టిగానే చెబుతారు.

అన్నిటికన్నా పెద్ద లోపం మెంటర్లు మారిపోవడం. అన్నల్లో ఎక్కువమంది యూనివర్సిటీలో పీజీ చేసేవాళ్ళు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. ఏప్రిల్, మే వచ్చేసరికి పీజీ అయిపోయి సొంతూళ్ళకో హైదరాబాదుకో వెళ్ళిపోతారు. ఫలితాలు, కౌన్సెలింగ్, అడ్మిషన్లు అన్నీ ఆ తర్వాతి మూడు నెలల్లోనే. ఏడాదంతా ఫైలు చూసిన మనిషి సరిగ్గా అప్పుడే ఉండడు. కొత్తగా వచ్చినవాడికి ఆ కుర్రాడి ఇంటి పరిస్థితి, నాయన అప్పు, సొంత అన్న బెంగుళూరులో ఉన్న సంగతి ఏదీ తెలీదు. పిల్లోడు మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవడానికి ఇష్టపడడు, రావడం మానేస్తాడు. అమెరికాలో 2002లో వెలువడిన ఒక అధ్యయనం ఏడాదికి పైగా నిలిచిన జోడీల పిల్లలకే ఎక్కువ మేలు జరిగిందనీ, మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లల ఆత్మవిశ్వాసం ఉన్నదానికన్నా తగ్గిందనీ చూపించింది. ఇక్కడి మేడమీద కూడా ఆగస్టు కల్లా కుర్చీలు పలచబడతాయి.

చిత్తూరు శాఖ గురించి రెండు ముక్కలు. పిల్లలు తక్కువ, ఉపన్యాసం అరగంటే. ముగ్గురు మెంటర్లూ స్థానికంగా స్థిరపడినవాళ్ళే: ఒక రిటైరైన పాలిటెక్నిక్ లెక్చరర్, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్. బల్లలు పాతవి, ప్రింటర్ సగం రోజులు పనిచేయదు. అయినా చిత్తూరు, పలమనేరు వైపు వాళ్ళు తిరుపతి దాకా రావడం కన్నా అక్కడ చేరడమే మేలు.

చేరేవాళ్ళు జూన్ దాకా ఆగకుండా నవంబరు, డిసెంబరులోనే వస్తే, కాయితాల పనికి సంక్రాంతి దాకా సమయం ఉంటుంది. రెండో కంతు మార్చిలో కట్టమంటారు. అది కట్టేముందు నిర్వాహకుల్ని ‘మే నుంచి ఆగస్టు దాకా మావాడి మెంటర్ ఊళ్ళోనే ఉంటాడా?’ అని అడగండి. ఉండడంటే, ఆ నాలుగు నెలలు ఎవరు చూస్తారో పేరు, ఫోన్ నంబరు రాయించుకుని, ఆ మనిషిని మార్చిలోనే పిల్లోడి పక్కన కూర్చోబెట్టి ఫైలు ఒకసారి చూపించమనండి.